మాట్లాడగలిగినంత పరుగు

జనవరి 9

వదినకు,

మొన్న ఫోన్లో నువ్వు నాలుగుసార్లు "ఆఁ? ఏంటి?" అన్నావు. నేను నాలుగుసార్లు అరిచాను. చివరికి "సరే, నువ్వూ జాగ్రత్త" అని పెట్టేశావు. నేను చెప్పవలసింది గొంతులోనే ఉండిపోయింది. నీ చెవులు ఇక ఫోనుకు పనికిరావని ఒప్పుకో. ఉత్తరానికి చెవులక్కర్లేదు కాబట్టి మనిద్దరికీ ఇదే మేలు.

పోయిన సోమవారం నాకు స్టేషన్లో అవతలి వైపు మూడో నంబరు కౌంటరుకి డ్యూటీ వేశారు. అటు వెళ్ళాలంటే పట్టాల మీద వంతెన ఎక్కాలి. నలభై రెండు మెట్లు. ఇరవై ఆరో మెట్టు దగ్గర నాకు ఊపిరి సలపలేదు. అక్కడే చతికిలబడ్డాను. జనం నన్ను రాయిలా తప్పించుకుని వెళ్తున్నారు. ఒక పోర్టరు మాత్రం నెత్తిమీద పెట్టె దించకుండానే ఆగాడు. "అక్కా, టికెట్లిచ్చేది మీరే కదా? మీరిక్కడ కూర్చుంటే కింద క్యూ ఎవరి కోసం?" అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రోజంతా ఏం చేస్తారని అడిగింది. కూర్చుంటానన్నాను. ఇంటికి వెళ్ళాక? కూర్చుంటాను. సెలవు రోజున? పడుకుంటాను. బీపీ చూసి, చీటీ మీద ఒకే ఒక్క మాట రాసి చేతికిచ్చింది. "నడవండి" అని. మందుల షాపులో ఇది దొరుకుతుందా అని అడుగుదామనుకుని, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

మా క్వార్టర్ల వెనక స్కూలు మైదానం ఉంది. పదకొండేళ్ళుగా కిటికీలోంచి చూస్తున్నాను గానీ గేటు ఎటు ఉందో మొన్ననే తెలిసింది. మొదటి రోజు ఒక్క రౌండు. అక్కడ ఒక డ్రిల్లు మాస్టారున్నారు. రిటైరైనా మెడలో ఈల తీయలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కూడా తప్పులు దిద్దుతారు. నన్ను చూసి "చేతులు ఊపమ్మా, బకెట్లు మోస్తున్నట్టు నడుస్తావేం?" అన్నారు. కోపమొచ్చింది. చేతులు మాత్రం ఊపాను.

అన్నయ్య ఉన్నప్పుడు ఎన్నిసార్లు రమ్మన్నాడు తనతో. "రోజంతా బస్సు నడిపింది చాలక నిన్ను నువ్వు కూడా నడుపుకోవాలా?" అని ఎగతాళి చేసేదాన్ని. వాడు పోయి మూడేళ్ళయ్యాక నా కాళ్ళకు బుద్ధి వచ్చింది.

నువ్వెలా ఉన్నావో రాయి. "బాగున్నాను" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోను.

నీ ఆడపడుచు,
గంటమ్మ


జనవరి 21

గంటమ్మకు,

నీ ఉత్తరం లైబ్రరీలో, నా బైండింగు బల్ల దగ్గర చదువుకున్నాను. నవ్వు ఆపుకోలేక జిగురు గిన్నె ఒలకబోశాను. మా లైబ్రేరియన్ తలుపులోంచి తొంగిచూసి, నేను ఒంటరిగా నవ్వుతున్నానని చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు. చప్పుడు చేసినా నాకు వినపడదని ఆయనకింకా అలవాటు కాలేదు.

నేను బాగానే ఉన్నాను. ఒక్క ముక్క వద్దన్నావు కాబట్టి రెండో ముక్క కూడా రాస్తున్నాను. ఈ నెలలో నూట పది పుస్తకాలకు కొత్త అట్టలు వేశాను. అందులో ఒక నిఘంటువు వెన్ను మూడు ముక్కలైంది. దాన్ని మళ్ళీ ఒకటిగా కుట్టడానికి నాలుగు రోజులు పట్టింది. పనిలో ఉన్నంతసేపూ నేను మామూలుగానే ఉంటాను. ఇంటికి వచ్చి తాళం తీశాకే ఏం చేయాలో తోచదు.

నువ్వు నడుస్తున్నందుకు సంతోషం. రోజూ నడు. మెల్లగా నడు. కానీ పరుగు జోలికి మాత్రం పోకు.

నీకు తెలియనిది కాదు, అయినా చెబుతాను. నలభై ఏళ్ళ దాకా మీ అన్నయ్య కూడా నీలాగే కదలని మనిషి. ఒకరోజు నడక మొదలుపెట్టారు. ఆరు నెలల్లో నడక పరుగైంది. పరుగు పిచ్చైంది. పదకొండేళ్ళు వాన లేదు, జ్వరం లేదు. ఆ రోజు కూడా అలాగే వెళ్ళారు. ఆరో రౌండులో పడిపోయారని ఎవరో వచ్చి తలుపు కొట్టారు. నేను ఆయన టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్నాను. ఆ డబ్బా ఇప్పటికీ నేను వాడను.

ఆ పరుగే ఆయన్ని మింగింది. ఆ మైదానం వైపు రోడ్డు మీద కూడా నేను వెళ్ళను, చుట్టూ తిరిగి వెళ్తాను. నాకు మిగిలింది నువ్వొక్కదానివే. పరిగెత్తనని నాకు మాటివ్వు. నోటితో ఇస్తే నాకు వినపడదు. కాగితం మీద రాసి పంపు.

మీ వదిన


మార్చి 3

వదినకు,

ఆలస్యమైంది. కలం పట్టుకోవడం, పెట్టేయడం, ఇలా నాలుగైదుసార్లు జరిగింది. మాట అడిగావు కదా. ఇచ్చాననే అనుకో.

మంచి కబురు ఏమిటంటే నలభై రెండు మెట్లూ ఇప్పుడు ఆగకుండా ఎక్కుతున్నాను. ఆ పోర్టరు చూసి, నెత్తిమీది పెట్టెను పట్టుకున్న చేతులు రెండూ వదిలి చప్పట్లు కొట్టాడు. పెట్టె కదల్లేదు. అది కదా విద్య.

రాత్రి పడుకుంటే పొద్దుటిదాకా ఒకటే నిద్ర. అలారం కంటే ముందే మెలకువ వస్తోంది. మైదానానికి ఎప్పుడు వెళ్తానా అని ఉంటుంది. మాస్టారు గేటు దగ్గరే కనిపెట్టుకుని ఉంటారు. ఆయన ఈల వినపడితే చాలు, ఒళ్ళు దానంతటదే లేచి నిలబడుతుంది. "నీలో ఇంత ఉందని నీకే తెలియదమ్మా" అన్నారు నిన్న. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. నలభై ఆరేళ్ళకు నాకిలాంటి సంతోషం ఒకటి రాసిపెట్టి ఉందని ఎవరైనా చెప్పి ఉంటే, రైలు తప్పిన వాళ్ళను చూసి నవ్వినట్టు నవ్వేదాన్ని. రెండు జతల కొత్త బట్టలు కుట్టించుకున్నాను. నా అంతట నేను బట్టలు కుట్టించుకుని ఎన్నేళ్ళైందో నాకే గుర్తులేదు.

ఇంకో సంగతి ఉంది వదినా. రాయాలంటే చెయ్యి ముందుకు పోవడం లేదు. నువ్వు బాధపడతావేమోనని భయం. దాచడం నా వల్ల కాదని నీకు తెలుసు. నాకు గంటమ్మ అని ఊరికే పేరు పెట్టలేదు కదా అన్నయ్య. అయినా నెల రోజులుగా దాస్తున్నాను. కొన్నాళ్ళు ఆగి చెబుతాను. అప్పటిదాకా అడగకు.

నీ ఆడపడుచు


మార్చి 14

పిచ్చి గంటమ్మకు,

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేదాన్ని నేను. నా చెవులు పోయాయి గానీ కళ్ళున్నాయి. నీ ఉత్తరం రెండోసారి చదవగానే అర్థమైపోయింది.

అంత భయం దేనికి? నేను బాధపడతానని నువ్వెలా అనుకున్నావు? ఇన్నేళ్ళు నువ్వు ఆ క్వార్టరులో ఒంటరిగా గోడలతో మాట్లాడుకున్నావు. అప్పుడెవరైనా వచ్చి ఎలా ఉన్నావని అడిగారా? ఇప్పుడు నీకో సంతోషం ఎదురొస్తే ఈ వయసులో ఏమిటని నలుగురూ నవ్వుతారేమో. నవ్వనీ. నవ్వి నవ్వి వాళ్ళే ఊరుకుంటారు. మీ అన్నయ్య ఉంటే ముందు కాసేపు గొణిగి, ఆ తర్వాత అందరికంటే ముందు వచ్చి నీ పక్కన నిలబడేవారు.

ఒక్క మాట. తొందరపడకు. మాస్టారు మంచి మనిషని నీ రాతలోనే తెలుస్తోంది, అయినా చూసుకుని అడుగు వెయ్యి. మొదట్లో ఒళ్ళు తెలియదు, అందుకే చెబుతున్నాను. నాకు మాత్రం మనస్ఫూర్తిగా ఇష్టమే. నా దగ్గర దాచిపెట్టుకుని కుమిలిపోవద్దు. అన్నీ రాయి. వివరంగా రాయి.

మీ వదిన


మార్చి 22

వదినా,

నీ ఉత్తరం కౌంటరులోనే విప్పాను. చదువుతూ ఏడ్చేశాను. గాజుకు అవతల నిలబడ్డాయన "అమ్మా, నా టికెట్టు కొట్టిచ్చి తీరిగ్గా ఏడవండి, రైలు కదులుతోంది" అన్నాడు.

ఎలా కనిపెట్టావో నాకిప్పటికీ అర్థం కావడం లేదు. అవును వదినా, పరిగెడుతున్నాను. జనవరి ఆఖరి వారం నుంచీ. మాటివ్వమన్న నీ ఉత్తరం నా సంచీలో ఉండగానే మొదలైంది.

కావాలని చేయలేదు. ఆ రోజు మూడో రౌండులో ఉండగా వాన పడింది. మైదానం చివర షెడ్డు ఉంది. తడవకుండా అక్కడికి చేరుదామని పరిగెత్తాను. షెడ్డు వచ్చింది. నేను ఆగలేదు. ఎందుకాగలేదో అడగకు. కాళ్ళు అడిగాయి, నేను సరేనన్నాను. అలా రౌండు పూర్తయ్యేసరికి నిలువునా తడిసిపోయాను. షెడ్డు కింద నిలబడ్డ వాళ్ళందరూ నన్ను చూస్తున్నారు. మాస్టారొక్కరే ఈల ఊదారు. డెబ్బై రెండేళ్ళాయన, ఆ వానలో బయటికొచ్చి, "మోకాలు పైకెత్తు" అని అరిచారు. వాళ్ళావిడ గొడుగు పట్టుకుని ఆయన వెనక పరిగెత్తింది. ఆవిడా రోజూ వస్తుంది. ఒక రౌండు నడిచి, మిగతా సమయమంతా ఆయన్ని తిట్టడానికి కేటాయిస్తుంది.

ఈ ఆదివారం ఆగకుండా ఆరు కిలోమీటర్లు పరిగెత్తాను. మే మూడో ఆదివారం మా ఊళ్ళో పది కిలోమీటర్ల పోటీ ఉంది. పేరిచ్చాను. చిట్టచివర వచ్చినా సరే, పూర్తిచేస్తాను. నువ్వు ఇష్టమేనని రాశావు చూడు, ఆ రోజు నుంచీ పరిగెడుతుంటే గుండె మీద బండ దించినట్టుంది.

నీ గంటమ్మ


మార్చి 30

గంటమ్మా,

నేను రాసింది పరుగు గురించి కాదు. నువ్వు ఆ మాస్టారిని ఇష్టపడ్డావనుకున్నాను. పెళ్ళి చేసుకుంటావేమోనని పక్కింటావిడకు కూడా చెప్పేశాను. నా తెలివికి నేనే సిగ్గుపడుతున్నాను. కానీ నా సిగ్గు సంగతి తర్వాత.

నేను అడిగింది ఒక్కటి. ఒకే ఒక్కటి. అది కూడా ఇవ్వకుండా, "ఇచ్చాననే అనుకో" అని నాతో మాటలాట ఆడావు. నేను ఇష్టమే అన్నాను కదా అని ఇప్పుడు నా మాటనే నాకు చూపిస్తున్నావు. మీ అన్నయ్యని మింగినదాన్ని నేను మెచ్చుకున్నానని ఎలా అనుకోగలిగావు? నీ గుండె మీద బండ దిగిందేమో. అది వచ్చి నా మీద పడింది.

నీకు నా మాట మీద నమ్మకం లేదు. పోనీ, డాక్టర్లు రాసింది నమ్ముతావేమో. ఆ రోజు ఆస్పత్రిలో ఇచ్చిన కాగితాలు ఒక ఫైలులో పెట్టి అలమరా పైఅరలో పడేశాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు లేచి అది తీసి, పరుగు వల్ల పోయారని వాళ్ళు రాసిన వాక్యం ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తాను. చదువుకో.

ఇక్కడ ఆగిపోయి రెండు గంటలైంది.

ఆ వాక్యం అందులో లేదు. పరుగు అనే మాటే ఒకచోట తప్ప లేదు, అది కూడా ఎక్కడ పడిపోయారో చెప్పడానికి. గుండె గోడ కండ మామూలుకంటే మందంగా ఉందట. ఇది పుట్టుకతో, వంశంలో వచ్చేదట. చివరి పేజీలో కింద ఎర్ర సిరాతో గీత గీసి ఒక మాట రాశారు. "తోబుట్టువులు తప్పనిసరిగా గుండె పరీక్ష చేయించుకోవాలి."

తోబుట్టువంటే నువ్వే కదా. మూడేళ్ళుగా ఈ మాట మా ఇంట్లో అలమరాలో ఉంది. ఆ రోజు ఆ డాక్టరు నాతో ఏదో చెప్పాడు కూడా. పెదవులు కదలడం చూశాను. తలూపాను. నాకేం వినపడలేదు, మళ్ళీ చెప్పమని అడగలేదు.

నన్ను తర్వాత తిట్టు. రేపే వెళ్ళు. ఈ కాగితం నకలు ఇందులో పెడుతున్నాను. పరీక్ష అయ్యేదాకా ఒక్క అడుగు కూడా పరిగెత్తకు. ఈసారి మాటివ్వమని అడగడం లేదు, బతిమాలుతున్నాను.

వదిన


ఏప్రిల్ 18

వదినకు,

పరీక్ష అయింది. నీ కాగితం చూసి డాక్టరమ్మ తన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ అలా చేయడం నేను చూడడం అదే మొదటిసారి. పెద్దాస్పత్రికి పంపింది. చీకటి గదిలో పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లగా ఏదో రాసి, తెర మీద నా గుండె చూపించారు. కప్ప గొంతులా ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. పాపం, ఎంత పని చేస్తోందో అనిపించింది.

అన్నయ్యకు ఉన్నదే నాకూ ఉంది. వాడికున్నంత లేదట. గోడ ఒక్కచోట కొద్దిగా మందం. భయపడవలసినది కాదు గానీ మరిచిపోగలిగినది కాదన్నారు. రోజుకొక మాత్ర, ఆరు నెలలకొక పరీక్ష. నడవచ్చు. పోటీలు ఈ జన్మకు లేవు. ఇంకేవో కూడా చెప్పారు, నేను సరిగా వినలేదు. పోటీలు లేవన్న దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. వినపడకుండా తలూపడం ఎలా ఉంటుందో ఇప్పుడు నాకూ తెలుసు.

పోటీ జాబితాలోంచి పేరు తీయించాను. మాస్టారు మెడలోంచి ఈల తీసి జేబులో వేసుకున్నారు.

వారం రోజులుగా మైదానానికి వెళ్ళలేదు. కిటికీ తెర వేసేశాను. నువ్వు కోరుకున్నదే జరిగింది వదినా. ఇక నేను పరిగెత్తను. నీకు నిశ్చింత. నా ప్రాణం నిలబెట్టావని అందరూ అంటున్నారు, నేనూ అంటున్నాను. అనవలసిన మాట కదా. కానీ రెండు నెలలకు పైగా నేనొకటి చూశాను. అది ఇక లేదు. దానికి ఏడవడానికి కూడా నాకు హక్కు లేనట్టుంది.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 27

గంటమ్మకు,

నేను కోరుకున్నదే జరిగిందని రాశావు. ఆ ముక్క దగ్గర కాగితం మడిచి పెట్టేసి, మర్నాడు మళ్ళీ విప్పాను. కోపంతో రాశావని తెలుసు. కానీ కోపంలోనే ఒక్కోసారి సరైన చోట దెబ్బ తగులుతుంది. అందుకే ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను.

ఆయన బతికుండగానే నాకు పరుగంటే గిట్టేది కాదు. భయం వల్ల కాదు. అసూయ వల్ల.

రోజంతా బస్సు నడిపి ఇంటికి వచ్చిన మనిషి పీల్చి పారేసిన చెరుకులా ఉండేవారు. అడిగినదానికి జవాబు, అంతే. ఆ మనిషే పొద్దున మైదానం నుంచి వచ్చినప్పుడు చూడాలి. చెమటలు కారుతూ, గుమ్మంలో నిలబడి, ఊరికే నవ్వుతూ ఉండేవారు. ఆ మొహం నేను తెచ్చింది కాదు. పెళ్ళైన ఇరవై నాలుగేళ్ళలో నా వల్ల ఆ మొహం అలా వెలగడం నేను చూడలేదు. "ఒక్క ఆదివారం రావోయ్, ఊరికే కూర్చుని చూడు" అనేవారు. నాకు పనుందనేదాన్ని. పదకొండేళ్ళు పనుందన్నాను. ఆయన పరిగెత్తడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

పోయాక, దాన్ని తిట్టుకోవడానికి నాకు మంచి కారణం దొరికింది. ఆ కారణం కాగితంలో లేదని తెలిసిన రోజు, నీ గురించి భయంతో పాటు, నా చేతిలోంచి ఏదో లాగేసుకున్నట్టు కూడా అనిపించింది. నేనెలాంటిదాన్నో చూడు.

నువ్వు చూసింది ఇక లేదని రాశావు. అదేమిటో నాకు చెప్పు. ఏముంది అందులో? ఆయన్ని అడగలేదు. నిన్ను అడుగుతున్నాను. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

వదిన


మే 8

వదినా,

నన్ను క్షమించు. ఆ వాక్యం రాయకుండా ఉండవలసింది.

నీ ఉత్తరం చదివాక మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు నేను విననిది ఏమిటని అడిగాను. ఆవిడ ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. నడక ఎంతైనా సరే. మెల్లగా పరిగెత్తనూ వచ్చు, పక్కన మనిషి ఉండాలి. ఎంత మెల్లగా అంటే, పక్కవాళ్ళతో మాట తెగకుండా మాట్లాడగలిగినంత. మాట తెగితే ఆగిపోవాలి. ఆయాసం, తల తిరగడం ఉంటే ఆ రోజుకు ఇంటికి. అంతే. "మాట్లాడగలిగినంత పరుగంటే మీకు కష్టమేం కాదనుకుంటాను" అంది. నా పేరు ఆవిడ దాకా వెళ్ళినట్టుంది.

ఏముంది అని అడిగావు. మొదటి రెండు రౌండ్లలో ఏమీ ఉండదు. తిట్లుంటాయి. మడమ నొప్పి, పక్కలో పోటు, ఈ పని ఎందుకు పెట్టుకున్నాననే ఏడుపు. మూడో రౌండులో ఎప్పుడో, ఎక్కడో తెలియదు, అవన్నీ సర్దుకుంటాయి. ఊపిరి, అడుగు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

ఇలా చెబితే నీకు అర్థం కాదు. ఇంకోలా చెబుతాను. కౌంటరులో నేను సగం మనిషిని. గాజు వెనక ఒక తల, కన్నంలోంచి ఒక చెయ్యి. అక్కణ్ణుంచి కింద నేనున్నానని జనానికే కాదు, నాకూ గుర్తుండదు. నొప్పి వస్తేనే నడుము ఉందని తెలుస్తుంది. ఇరవై మూడేళ్ళు అలా బతికాను. పరిగెడుతున్నప్పుడు మొత్తం నేనే ఉంటాను. పిక్కలు, వీపు, భుజాలు, మెడ మీద ఆరే చెమట, అన్నీ నావే, అన్నీ ఒకేసారి హాజరు. ఎవరికో పనికొస్తాయని కాదు. ఊరికే ఉన్నాయి, బాగున్నాయి.

అన్నయ్య కూడా స్టీరింగు వెనక సగం మనిషే కదా. పొద్దున ఆ గుమ్మంలో నవ్వుతూ నిలబడింది మొత్తం మనిషేమో. ఆ మొత్తం మనిషి నేరుగా నీ గుమ్మంలోకే వచ్చి నిలబడ్డాడు, ఇంకెక్కడికో పోలేదు. నేను కల్పించి చెబుతున్నానేమో. వాణ్ణి అడగడానికి లేదు.

నిన్నటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మాస్టారు పక్కన పరిగెడుతూ నాతో మాట్లాడిస్తున్నారు. నా మాట తడబడితే ఈల. ఆయన మొదటి ఉద్యోగం కథ రెండు రౌండ్లలో అయిపోయింది. మనుషులు మమ్మల్ని దాటిపోతున్నారు. నడిచేవాళ్ళు కూడా దాటిపోతున్నారు. మొదట చిన్నతనంగా ఉంది. మూడో రౌండు మాత్రం అలాగే వచ్చింది వదినా. వేగం తగ్గిస్తే అది రాదనుకున్నాను. వచ్చింది.

పోటీ ఉన్న ఆదివారం ఒంటరిగా ఉంటే నాకు బెంగ పుడుతుంది. వస్తావా? ఊరికే కూర్చుని చూడు.

గంటమ్మ


మే 29

గంటమ్మకు,

క్షేమంగా చేరాను. దారిలో తినమని నువ్వు కట్టిచ్చింది రైలెక్కిన పది నిమిషాలకే అయిపోయింది. నాకంత ఆకలేస్తుందని నేనూ అనుకోలేదు.

నీ దగ్గరున్న నాలుగు రోజులూ చెప్పలేకపోయినది ఒకటుంది. ఎదురుగా ఉంటే నువ్వే మాట్లాడతావు, నాకు సందు దొరకదు.

ఆ ఆదివారం ఊళ్ళో వాళ్ళంతా పోటీ చూడడానికి పెద్ద రోడ్డుకు పోయారు. మైదానంలో మనం ముగ్గురమే. మాస్టారి భార్యని కలిపితే నలుగురం. ఆవిడా నేనూ బెంచీ మీద కూర్చున్నాం. నువ్వు బయల్దేరావు. మొదటి రౌండు నిన్నే చూశాను, ఎక్కడ పడిపోతావో అని చేతులు బిగించుకుని. రెండో రౌండులో నువ్వు మలుపు తిరిగి వెళ్తుంటే నీ వెనక వైపు కనిపించింది. నీ కుడి మోచెయ్యి బయటికి పొడుచుకొస్తుంది. ఎడమ భుజం కాస్త కిందికి వాలుతుంది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. మీ అన్నయ్య నడిచేటప్పుడు కూడా ఆ మోచెయ్యి అంతే, సందులో గోడకు తగిలి చొక్కాలన్నీ అక్కడే చిరిగేవి. పరిగెడితే ఇలా ఉండేవారన్నమాట. ఇంత మామూలుగా, కాస్త వంకరగా. నేనేదో పెద్ద శత్రువుని ఊహించుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఏంటమ్మా ఏడుస్తున్నారు?" అని మాస్టారి భార్య నా చెవిలో అరిచింది. ఎండ అన్నాను. మబ్బు పట్టి ఉంది.

ఇంటికి వచ్చిన మూడో రోజు పొద్దున ఆయన మైదానానికి వెళ్ళాను. చుట్టుదారిన కాకుండా నేరుగా. ఆరో రౌండు ఎక్కడో నాకు తెలియదు, అడగాలనీ అనిపించలేదు. ఒక రౌండు నడిచాను. నిజం చెప్పనా? విసుగొచ్చింది. నాకు నడక మీద ప్రేమ పుట్టలేదు, నీతో అబద్ధమెందుకు. ఇక ఇంటికి పోదామని మూల దాకా వచ్చాను. అక్కడ ఇనప కడ్డీ ఒకటుంది, రెండు స్తంభాల మధ్య అడ్డంగా, పిల్లలు వేలాడేది. మైదానం ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి దానికి వేలాడుతోంది. నాకంటే పెద్దదే. కళ్ళు మూసుకుని, గబ్బిలంలా.

దిగి నన్ను చూసింది. "రోజంతా వంగే పనమ్మా. ఇలా కాసేపు వేలాడితే వెన్ను నిటారుగా అవుతుంది. పట్టుకోండి," అంది. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. నాదీ వంగే పనే అన్నాను. ఎవరూ చూడటం లేదని అటూ ఇటూ చూసి, మునివేళ్ళ మీద లేచి పట్టుకున్నాను. కాళ్ళు ఎత్తమంది. ఎత్తాను.

నాలుగు లెక్కపెట్టేసరికి జారిపోయాను. రెండోసారి తొమ్మిది. ఆవిడ నా చేతులు తిప్పి చూసి, ఏం పని చేస్తారని అడిగింది. అట్టలు వేసిన పుస్తకాల్ని ప్రెస్సులో పెట్టి బిగిస్తానన్నాను. "అందుకే, పట్టు బాగుంది," అంది. నా చేతుల్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. మూడోసారి పద్నాలుగు. వీపులో ఎక్కడెక్కడో ముడులు ఒక్కొక్కటిగా విడిపోవడం తెలుస్తోంది. యాభై మూడేళ్ళ మనిషిని, లైబ్రరీకి టైమవుతుంటే, కాళ్ళు గాల్లో ఊపుతూ వేలాడుతున్నాను. నవ్వొచ్చింది. నవ్వితే పట్టు వదులైపోతుందని ఆపుకోబోయాను. ఆగలేదు. దబ్బున కిందపడ్డాను. ఆవిడా నవ్వింది.

అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. జిగురు తగిలితే మండుతున్నాయి. ఈ రోజు రెండు పుస్తకాలే అయ్యాయి, లైబ్రేరియన్ కారణం అడిగితే చెప్పలేదు. నిన్న పంతొమ్మిది దాకా వెళ్ళాను. ఊడ్చే ఆవిడ అరవై లెక్కపెడుతుంది. ఆమెను దాటడం ఈ ఏడాదికి కుదరదు.

నీ మాత్రలు మరిచిపోకు. నేను రేపు పెందలాడే లేవాలి.

మీ వదిన